‘గుర్తింపు’ ఎవరు ఎవరికి ఇవ్వాలి? – ఆస్ట్రేలియా లా రిఫార్మ్ కమిషన్ నివేదికల మీద

2023 జూన్‌లో, బడులు తెరిచిన వారమే, పదో తరగతి పిల్లవాడొకడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. “సారూ, ఢిల్లీలో లా కమిషన్ అట. ఉమ్మడి పౌరస్మృతి మీద అందరి అభిప్రాయం 30 రోజుల్లో పంపాలంట. మన కోయోళ్ల చట్టం ఏందో రాయాలంటే ఎట్లా రాయాలె?” అని అడిగాడు. నేను పెద్దగా ఆలోచించకుండా, “మనకు చట్టం లేదురా, ఆచారం ఉంది” అన్నాను. వాడు ఊరుకోలేదు. “మరి ఒకే గట్టులో పెళ్లి చేసుకుంటే పటేలు, పెద్దలు కూర్చోబెట్టి తప్పు ఎందుకు కట్టిస్తరు? ఆచారం తప్పినందుకు పోలీసులు ఎవరికైనా ఫైన్ వేస్తరా?” అన్నాడు.

జవాబు దొరకలేదు. చట్టం, ఆచారం అని రెండు మాటలు నాకు నేర్పింది నా బడి. రాసినది చట్టం, రాయనిది ఆచారం అని. ఆ పాఠాన్ని నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు అప్పజెబుతున్నాను. వాడి ప్రశ్నతో వెతుక్కుంటూ వెళితే, ఈ రెండు మాటల మీదే తొమ్మిదేళ్లు పనిచేసిన ఒక సంస్థ దొరికింది. అది మన దేశంలో లేదు, ఆస్ట్రేలియాలో ఉంది. ఆ సంస్థ 1986లో ఇచ్చిన నివేదికను ఒక ఆదివాసీ టీచరుగా చదివి, నచ్చినదీ నచ్చనిదీ ఇక్కడ రాస్తున్నాను. న్యాయశాస్త్రం చదివినవాళ్లకు ఇందులో లోపాలు కనబడవచ్చు.

ముందు ఆ సంస్థ సంగతి. పేరు ఆస్ట్రేలియా లా రిఫార్మ్ కమిషన్. 1973లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడి, 1975లో పని మొదలుపెట్టింది. మొదటి అధ్యక్షుడు మైకేల్ కిర్బీ. ఇది కోర్టు కాదు, చట్టసభ కాదు. ఉన్న చట్టాలను చదివి, జనాన్ని అడిగి, ఎక్కడ మార్చాలో చెప్పడం దాని పని. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది గానీ ఏం రాయాలో ప్రభుత్వం చెప్పదు. ఇది దాని స్వతంత్రత. అయితే ఏ విషయం మీద విచారించాలో మాత్రం అటార్నీ జనరల్ రాసి ఇవ్వాలి. తనంతట తాను ఒక ప్రశ్న ఎత్తుకోలేదు. నివేదిక ఇచ్చాక అటార్నీ జనరల్ దాన్ని నిర్ణీత గడువులో పార్లమెంటు ముందు పెట్టాలి. అమలు చేయాలా వద్దా అన్నది మళ్లీ ప్రభుత్వం ఇష్టం. మొదలూ చివరా ప్రభుత్వం చేతిలో, నడుమ మాత్రం స్వేచ్ఛ. మనం బడిలో పిల్లలకు ఇచ్చే ప్రాజెక్టు వర్కు కూడా ఇంచుమించు ఇలాంటిదే.

మన లా కమిషన్‌కు ఆ నడుమ స్వేచ్ఛ కూడా గట్టిగా లేదు. 1955లో సెతల్వాడ్ అధ్యక్షతన మొదలైన మన కమిషన్‌కు ప్రత్యేక చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే పుడుతుంది, గడువు అయిపోతే పోతుంది, మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా ఖాళీ. 2018 ఆగస్టులో 21వ కమిషన్, ఉమ్మడి పౌరస్మృతి ఈ దశలో అవసరమూ కాదు, వాంఛనీయమూ కాదు అని రాసింది. అయిదేళ్లు గడవకముందే 22వ కమిషన్ అదే ప్రశ్న మళ్లీ జనాన్ని అడిగింది. మా పిల్లవాడి ఫోన్‌లోకి వచ్చింది ఆ ప్రశ్నే.

ఆస్ట్రేలియాలో ప్రశ్న పుట్టిన తీరు వేరు. 1976లో దక్షిణ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు ముందుకు ఒక హత్య కేసు వచ్చింది. నిందితుడు అబోరిజినల్ మనిషి. చనిపోయిన స్త్రీ కూడా అబోరిజినలే. ఆడవాళ్లు పలకకూడని తెగ రహస్యాలను ఆమె పలికిందని అతను కొట్టి చంపాడు. కోర్టు అతనికి శిక్ష వేసి, దాన్ని నిలిపివేస్తూ ఒక షరతు పెట్టింది. అతను తన తెగ పెద్దల దగ్గరకు తిరిగి వెళ్లి వాళ్ల మాటకు కట్టుబడి ఉండాలి. ఆ షరతు మీద దేశమంతా వాదన లేచింది. పెద్దలు ఈటెతో పొడిచి శిక్షిస్తారా, కోర్టే దానికి ఒప్పుకుందా అని పత్రికలు గోల చేశాయి. 1977 ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ ఎలికాట్, అబోరిజినల్ ఆచార చట్టాన్ని వాళ్లకు పూర్తిగానో కొంతగానో వర్తింపజేయాలా అని కమిషన్‌ను అడిగాడు.

ఆ ప్రశ్నపత్రాన్ని మన కళ్లతో చూడండి. అందులో నొక్కి అడిగినవి రెండు. కోర్టులు నేర విచారణలో ఆచార చట్టాన్ని వాడవచ్చా? తెగలు తమ మనుషులను తాము శిక్షించుకోవచ్చా? వీటికి తోడు, ఎవరికీ క్రూరమైన శిక్ష పడకూడదు అన్న హెచ్చరిక ఒకటి. రాజ్యానికి ఆదివాసీ చట్టం అనగానే మొదట కనబడింది ఈటె. పంటకు ముందు ఏ చెట్టును ముట్టకూడదు, ఏ చెరువులో ఎప్పుడు చేప పట్టాలి, తల్లి చనిపోయిన బిడ్డను ఎవరు పెంచాలి, పక్క ఊరితో పొలిమేర తగాదా ఎట్లా తీర్చుకోవాలి లాంటివన్నీ చట్టం అని దానికి తోచలేదు. మన దగ్గరా అంతే. గూడెం పంచాయితీ పేపరుకెక్కాలంటే ఎవరినో వెలివేసి ఉండాలి. రెండు కుటుంబాల పొలం గట్టు తగాదాను ఒక పూటలో, ఒక కోడితో, కల్లు ముంతతో తీర్చిన పంచాయితీ ఏ పేపరుకూ ఎక్కదు.

కమిషన్ గొప్పతనం ఇక్కడ ఉంది. తనకిచ్చిన ఇరుకు ప్రశ్నను అది వెడల్పు చేసింది. ప్రశ్నలోని ‘వర్తింపజేయడం’ అన్న మాటను పట్టుకుని పెళ్లి, పిల్లలు, ఆస్తి పంపకం, సాక్ష్యం, పోలీసుల విచారణ, వేట, చేపలు పట్టడం దాకా వెళ్లింది. 1981లో నగరాల్లోనే కాక దూరపు అబోరిజినల్ ఊళ్లకూ వెళ్లి బహిరంగ విచారణలు జరిపింది. 1980లో వేసిన చర్చాపత్రం పేరులో ఆచార ‘చట్టం’ అని ఏకవచనం ఉంది, పక్కన ఒక ప్రశ్నార్థకం కూడా ఉంది. 1986లో వచ్చిన నివేదిక పేరులో ‘చట్టాలు’ అని బహువచనం వచ్చింది, ప్రశ్నార్థకం పోయింది. ఆరేళ్లు జనం మాట వినడం వల్ల మారినది ఆ ఒక్క అక్షరంలో కనబడుతుంది. ‘గిరిజన సంస్కృతి’ అని ఏకవచనంలో పాఠాలు రాసే మన పాఠ్యపుస్తకాల వాళ్లు ఈ అట్టను ఒకసారి చూస్తే బాగుండు. కోయ, గోండు, కొలాం, కొండరెడ్డి, సవర, చెంచు అందరికీ కలిపి ఒకే డాన్సు, ఒకే విల్లు, ఒకే బొమ్మ వేసి సరిపెడుతున్నారు.

నివేదిక రెండు పెద్ద సంపుటాలు. చివరి దశలో దీని బాధ్యత చూసిన కమిషనర్ జేమ్స్ క్రాఫర్డ్ తర్వాత అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి అయ్యాడు. రాత పొడిగా ఉంటుంది, పేరాలకు నంబర్లు. నాకు ఎక్కువగా పనికొచ్చిన నిర్ణయం ఒకటుంది. అబోరిజినల్ చట్టాలను సెక్షన్లుగా రాసి పుస్తకం చేయకూడదు అని కమిషన్ తేల్చింది. రాస్తే అది తెగ చేతిలోంచి జారి లాయర్ల చేతిలోకి పోతుంది. ఊరు మారితే మారే చట్టం, కాలంతో కదిలే చట్టం గడ్డకట్టుకుపోతుంది. కొన్ని సంగతులు మగవాళ్లకు మాత్రమే తెలియాలి, కొన్ని ఆడవాళ్లకు మాత్రమే. వాటిని అచ్చువేస్తే అది గుర్తింపు అనిపించుకోదు, దోపిడీ అవుతుంది. అందుకని కమిషన్ ఒక నడిమి దారి పట్టింది. ఆదివాసీ చట్టం మొత్తాన్ని రాజ్యం తనలో కలుపుకోకూడదు. రెండు చట్టాలు ఎదురుపడే చోట మాత్రం, ఆ పనికి ఎంత అవసరమో అంత మేరకు రాజ్యం దాన్ని ఒప్పుకోవాలి.

పెళ్లి సంగతి తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెగ పద్ధతిలో పెళ్లయిన స్త్రీని ఆస్ట్రేలియా చట్టం భార్యగా లెక్కించేది కాదు. మొగుడు పనిలో చనిపోతే పరిహారం రావడానికి ఆమె భార్య అని తేలాలి. కమిషన్ చెప్పిందేమిటంటే, ఆ పెళ్లిని మొత్తంగా ఆస్ట్రేలియా వివాహ చట్టంలోకి లాగవద్దు, పరిహారం కోసం, పిల్లల హక్కు కోసం, ఇలా ఒక్కొక్క పనికి ఆమెను భార్యగా ఒప్పుకోండి అని. మన దగ్గర పెళ్లి సర్టిఫికెట్ లేక పథకం ఆగిపోయిన తల్లులు ప్రతి గూడెంలో ఉన్నారు. ఓలి ఇచ్చి, నాలుగు ఊళ్ల పెద్దల ముందు జరిగిన పెళ్లికి, ఆఫీసు కౌంటర్ దగ్గర ఫోటో కావాలంటారు. మా చిన్నమ్మకు ముప్పై ఏళ్ల కాపురం తర్వాత, పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడానికి చిన్నాన్న బతికి లేడు.

పిల్లల విషయంలో కూడా కమిషన్ మంచి మాట చెప్పింది. తల్లిదండ్రుల నుంచి బిడ్డను తప్పనిసరిగా వేరుచేయాల్సి వస్తే ముందు బంధువుల దగ్గర, తర్వాత అదే తెగ మనుషుల దగ్గర, ఆ తర్వాతే ఇతర అబోరిజినల్ కుటుంబాల దగ్గర ఉంచాలి. పిల్లలను ఎత్తుకుపోయి తెల్లవాళ్ల ఇళ్లలో, మిషన్ హాస్టళ్లలో పెంచిన చరిత్ర ఆ దేశానికి ఉంది గనుక ఈ మాట బరువు వేరు. ఆ తర్వాత అక్కడి రాష్ట్రాలు ఈ క్రమాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకున్నాయి. నివేదిక నుంచి నిజంగా నేలమీదకు దిగిన కొద్దిపాటి వాటిలో ఇదొకటి.

ఇంత మెచ్చుకున్నాక నా అభ్యంతరాలు కూడా చెప్పాలి.

మొదటిది భూమి. ఈ నివేదిక భూమి హక్కు ప్రశ్నను తన పనిలోకి తీసుకోలేదు. వేట దాకా వెళ్లింది, చేపల దాకా వెళ్లింది, అడవి దాకా వెళ్లలేదు. ప్రశ్నపత్రంలో లేదు గనుక అని దాని సమాధానం. పెళ్లిని వెడల్పు చేసుకున్నవాళ్లు భూమి దగ్గర ఎందుకు ఆగారు? మన చట్టం నోట్లో ఉండదు, నేలలో ఉంటుంది. ఏ గట్టు వాళ్ల వేల్పు ఏ కొండ దగ్గర ఉందో, అక్కడిదాకా వాళ్ల మాట చెల్లుతుంది. నేల పోయాక మిగిలే ఆచార చట్టం పెళ్లి భోజనంలా ఒక రోజు ముచ్చట. మన దగ్గర 1/70 చట్టం మీద ఎందుకంత కొట్లాట జరుగుతుందో ఏజెన్సీలో పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రెండోది స్త్రీలు. కమిషన్ పని నడుస్తుండగానే, 1980లో, మానవశాస్త్రవేత్త డయాన్ బెల్, లాయర్ పామ్ డిట్టన్ కలిసి ఒక పుస్తకం తెచ్చారు. మధ్య ఆస్ట్రేలియా అబోరిజినల్ స్త్రీలు చట్టం గురించి తమ నోటితో చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఊరికి కమిషన్ వస్తే ఎదురెళ్లి కూర్చునేది మగవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు. ‘ఇది మా ఆచారం’ అని వాళ్లు చెప్పిందే ఆచారంగా ఎక్కుతుంది. ఈ నివేదిక పుట్టుకకు కారణమైన కేసులో చనిపోయింది ఒక స్త్రీ. ఆమె వైపు చట్టం ఏమంటుంది అని అడిగినవాళ్లు తక్కువ. మన పంచాయితీల్లో ఆడవాళ్లు చాప అంచున కూర్చుంటారు, వాళ్లను అడుగుతారు, కానీ చివర. మనం మన చట్టం రాసి పంపేటప్పుడు ఆ చాప అంచు నుంచి మొదలుపెట్టకపోతే, మనం పంపేది సగం కాగితమే.

మూడోది ‘గుర్తింపు’ అన్న మాట. నివేదిక పేరులోనే అది ఉంది. గుర్తించేవాడు పైన ఉంటాడు, గుర్తింపు కోరేవాడు కింద. గుర్తింపు ఇచ్చినవాడు దాన్ని తీసుకోనూగలడు. ఇది నా ఊహ కాదు, అక్కడ జరిగిందే.

1986లో నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. కమిషన్ ప్రతిపాదించిన సమగ్ర చట్టం రాలేదు. ఇప్పటికీ లేదు. ముక్కలు ముక్కలుగా కొన్ని అమలయ్యాయి. 2008లో సాక్ష్య చట్టాన్ని సవరించి, తెగ సంప్రదాయ చట్టం గురించి పెద్దలు చెప్పే మాటను ‘విన్న మాట’ అని తోసేయకూడదు అన్నారు. అది కూడా ఇదే కమిషన్ చేసిన మరో అధ్యయనం తర్వాత వచ్చింది. కానీ దానికి రెండేళ్ల ముందు, 2006లో, అదే పార్లమెంటు తన నేర చట్టంలో ఇంకో సెక్షన్ పెట్టింది. శిక్ష వేసేటప్పుడు ఆచార చట్టాన్ని, సాంస్కృతిక పద్ధతిని నేర తీవ్రత తగ్గించే కారణంగా కోర్టు చూడకూడదు. 2007లో ఇదే నిషేధం ఉత్తర ప్రాంతానికి కూడా పోయింది. మధ్య ఆస్ట్రేలియా ఊళ్లలో స్త్రీల మీద, పిల్లల మీద హింస జరుగుతోందన్న వార్తల వేడిలో ఇదంతా జరిగింది. హింస నిజం, ఆ పిల్లల బాధ నిజం. కానీ ప్రభుత్వం తనే అడిగి తొమ్మిదేళ్లు రాయించుకున్న వెయ్యి పేజీలను పక్కనబెట్టి, దానికి సరిగ్గా ఎదురుదిక్కున నడిచింది. కమిషన్ స్వతంత్రమే. ఆ స్వతంత్రత నివేదిక ఆఖరి పేజీ దగ్గర ఆగిపోతుంది.

భూమి ప్రశ్న తర్వాత వేరే దారిలో వచ్చింది. 1992 జూన్ 3న మాబో కేసులో అక్కడి హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, తెల్లవాళ్లు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న వాదనను కొట్టేసింది. 1993లో నేటివ్ టైటిల్ చట్టం వచ్చింది. భూమి మీద హక్కు కావాలంటే తెగ తన సంప్రదాయ చట్టం తెల్లవాళ్ల రాజ్యం వచ్చినప్పటి నుంచి తెగకుండా నడుస్తోందని రుజువు చేయాలి. మర్రే నది ఒడ్డున ఉండే యొర్త యొర్త ప్రజలు ఇలా కోర్టుకెళ్లారు. 1998లో జడ్జి, వాళ్ల పెద్దలు నోటితో చెప్పిన సాక్ష్యం కన్నా ఎడ్వర్డ్ కర్ అనే తెల్ల భూస్వామి పందొమ్మిదో శతాబ్దంలో రాసిన పుస్తకాన్ని ఎక్కువ నమ్మాడు. యొర్త యొర్త పూర్వీకులు 1881లో గవర్నరుకు ఒక అర్జీ పెట్టుకున్నారు. మా నేలంతా తీసేసుకున్నారు, బతకడానికి కొంత నేల ఇవ్వండి అని. సంప్రదాయ జీవితం అప్పటికే పోయిందనడానికి ఆ అర్జీనే సాక్ష్యంగా తీసుకున్నారు. నేల పోయిందని ఏడ్చిన కాగితమే, నేల మీద హక్కు లేదనడానికి రుజువైంది. 2002 డిసెంబరులో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది.

ఇది చదివినప్పుడు నాకు హైమన్‌డార్ఫ్ పుస్తకాలు గుర్తొచ్చాయి. 1940లలో ఆయన ఆదిలాబాద్ గోండుల గురించి, కొండరెడ్ల గురించి రాశాడు, వాళ్ల కోసం పనిచేశాడు కూడా. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయినా, రేపు ఒక కోర్టులో మన సార్‌మేడి చెప్పిన మాటకూ ఆ పుస్తకంలో రాసిన మాటకూ తేడా వస్తే దేన్ని నమ్ముతారు? ఎనభై ఏళ్ల కింద ఒకాయన చూసిందే ‘అసలు ఆచారం’ అవుతుందా? మార్పు వచ్చిన చోటల్లా మనం నకిలీలం అవుతామా?

కమిషన్ ఈ గాయాన్ని తర్వాత పట్టించుకుంది. 2015లో నేటివ్ టైటిల్ చట్టం మీద ఇచ్చిన నివేదికలో, సంప్రదాయ చట్టం మారవచ్చు, ఎదగవచ్చు, అది నిర్వచనంలోనే రాయండి, ప్రతి తరమూ తెంపు లేకుండా పాటించిందని రుజువు అడగవద్దు అని చెప్పింది. చెప్పాల్సిన మాటే. కానీ ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. ఆచారం కొనసాగుతూనే ఉందని కోర్టు ముందే అనుకోవాలి, కాదన్నవాళ్లే రుజువు చేయాలి అన్న ఆలోచనను పరిశీలించి, చివరకు సిఫారసు చేయకుండా వదిలేసింది. బరువు ఎవరి భుజం మీద పెడతారన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు, దాన్ని వదిలేయడం నాకు మింగుడు పడలేదు. 2021లో ఆ చట్టాన్ని సవరించారు. నిర్వచనం మాత్రం పాతదే.

రుజువు బరువు ఎంత పని చేస్తుందో మన దేశంలోనే ఒక తీర్పు చూపిస్తుంది. హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకు వర్తించదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ముందుకు ఛత్తీస్‌గఢ్ గోండు స్త్రీ వారసుల కేసు వచ్చింది. స్త్రీకి వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరే రుజువు చేయండి అని కింది కోర్టులు ఆ వారసులను అడిగాయి. చేయలేకపోయారు, ఓడిపోయారు. సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని తిప్పింది. వాటా ఇవ్వకూడదన్న ఆచారం ఉందని రుజువు లేనప్పుడు సమానత్వమే నిలుస్తుంది అంది. ఒకే ఆచారం, ఒకే కుటుంబం, రుజువు బరువు ఈ భుజం నుంచి ఆ భుజానికి మారగానే ఫలితం తిరగబడింది. ఆడవాళ్ల వాటా గురించి మన గూడేల్లో మాట్లాడటానికి ఈ తీర్పు మంచి సందర్భం. మన పెద్దలు దీన్ని ‘బయటి కోర్టు జోక్యం’ అని కొట్టేయకుండా ఉంటే నాకు సంతోషం.

జైళ్ల మీద కమిషన్ ఇచ్చిన నివేదిక 2018 మార్చిలో పార్లమెంటుకు వచ్చింది. దానికి నాయకత్వం వహించింది మాథ్యూ మయర్స్ అనే అబోరిజినల్ జడ్జి. దేశంలోని పెద్దవాళ్లలో దాదాపు 2 శాతం ఉన్న ఆదిమ ప్రజలు జైళ్లలో 27 శాతం ఉన్నారు. ఆడ ఖైదీల్లో అయితే 34 శాతం. 35 సిఫారసులు చేశారు. అందులో ఒకటి, జరిమానా కట్టలేకపోయినవాళ్లను జైల్లో పెట్టడం మానేయమని. 2014లో పశ్చిమ ఆస్ట్రేలియాలో కట్టని జరిమానాల కింద పట్టుకెళ్లిన 22 ఏళ్ల అబోరిజినల్ యువతి పోలీసుల అదుపులో ఉండగా చనిపోయింది. ఆ రాష్ట్రం చట్టం మార్చింది 2020లో. 1986 నివేదికతో పోలిస్తే ఇది చిన్నది, సూటిది, అంకెలతో నిండినది. ‘మీ చట్టాన్ని మేం గుర్తిస్తాం’ అనే గొంతు ఇందులో తగ్గి, ‘మా చట్టం మిమ్మల్ని ఎలా నలుపుతోంది’ అనే గొంతు పెరిగింది. నాకు ఇదే నిజాయితీగా తోచింది. చెప్పుకోవడానికి గంభీరంగా లేదు గానీ, ఒక మనిషి జైలుకు పోకుండా ఆగుతాడు.

ఇక మన సంగతి. మనకు కాగితం మీద లేనిది లేదు. రాజ్యాంగం 13వ అధికరణం ‘చట్టం’ అంటే ఏమిటో చెబుతూ, చట్టబలం ఉన్న ఆచారాన్ని, వాడుకను కూడా అందులో కలిపింది. నేను మా పిల్లవాడికి చెప్పిన జవాబు రాజ్యాంగం లెక్కలోనే తప్పు. 1996 పెసా చట్టం 4వ సెక్షన్, పంచాయతీల మీద రాష్ట్రం చేసే చట్టం ఆచార చట్టానికి, సామాజిక మత పద్ధతులకు అనుగుణంగా ఉండాలంటుంది. తగాదాలు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే సత్తా గ్రామసభకు ఉందంటుంది. ఆస్ట్రేలియా కమిషన్ అడిగి తెచ్చుకోలేకపోయిన వాక్యాలు ఇవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. నియమాలు వచ్చాక కూడా మండల ఆఫీసులో గ్రామసభ అంటే సంతకాలు పెట్టే రిజిస్టరు.

టీచర్లకు ఇంకో సంగతి గుర్తుంటుంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అయిదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారం ఎంతవరకు అన్న ప్రశ్న మీద ఆ జీవో నిలిచేదీ కూలేదీ తేలింది. మన భాష వచ్చిన టీచరు బడిలో ఉండాలా వద్దా అని ఏ కమిషన్ మన గూడేనికి వచ్చి అడగలేదు. అడిగి ఉంటే తీర్పు మారేదని నేను అనను. కోర్టు ముందు మన మాట ఒక నివేదికగా ఉండేది, అంతే.

అందుకే నేను కమిషన్లు దండగ అని చెప్పడం లేదు. 1986 నివేదిక అమలు కాకపోయినా చావలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కేసులో, ప్రతి నివేదికలో దాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నారు. తిరస్కరించినవాళ్లు కూడా దానికి జవాబు చెప్పాల్సి వస్తోంది. మనకు అలాంటి పుస్తకం లేదు. ఆదిలాబాద్ రాయి సెంటర్లలో కూర్చుని పెద్దలు తీర్చిన తగాదాలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సింది ఢిల్లీవాళ్లు కాదు. మన డిగ్రీ పిల్లలు, మన టీచర్లు. అయితే ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్నది తేల్చుకోకుండా మొదలుపెడితే, మనమే మన ఎడ్వర్డ్ కర్‌లం అవుతాం.

మా పిల్లవాడు ఆ 30 రోజుల్లో ఏమీ పంపలేదు. గడువు పొడిగించారని తెలిసినా పంపలేదు. కానీ ఒక నోటు పుస్తకం పెట్టుకుని వాళ్ల తాత దగ్గర కూర్చున్నాడు. గట్లు, వేల్పులు, పెళ్లి వరసలు, తప్పు ఎంత, ఎవరికి మాఫీ. పదకొండు పేజీలయ్యాయి. వాళ్ల నాయనమ్మ పక్కనుంచి రెండు చోట్ల తాతను సరిచేసిందట, ఆ రెండూ ఎర్ర పెన్నుతో రాశాడు. అయిదో పేజీలో సగం ఖాళీగా ఉంది. ఇదేమిటిరా అంటే, “అది చెప్పిండు సారూ, కానీ రాయొద్దన్నడు” అన్నాడు.

ఆ సగం పేజీ గురించి నేనూ అడగలేదు.